తెలిసిన మాటలు, తెలియని అర్థాలు: తెలుగులో స్థూల అర్థశాస్త్ర ప్రవేశపాఠం – భాషాపరమైన పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు మాధ్యమంలో స్థూల అర్థశాస్త్రం చదివే విద్యార్థికి ఎదురయ్యే కష్టానికి సంస్కృత పరిభాషే కారణమనే అభిప్రాయం విస్తృతంగా ఉంది. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలిస్తుంది. 'ఉపాంత వినియోగ ప్రవృత్తి' వంటి కఠినపదాల కన్నా 'పెట్టుబడి', 'పొదుపు', 'ఉద్యోగం' వంటి పరిచిత పదాలే శాస్త్రావగాహనకు ఎక్కువ అడ్డు తగులుతున్నాయని, పాఠ్యగ్రంథ వచనం ఈ పదాల లోకార్థానికీ శాస్త్రార్థానికీ మధ్య ఉన్న దూరాన్ని తగినంతగా చెప్పకపోవడమే అసలు లోపమని ఉదాహరణలతో నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: స్థూల అర్థశాస్త్రం, పరిభాష, పాఠ్యగ్రంథ వచనం, లోకార్థం, శాస్త్రార్థం, బోధనామాధ్యమం.

1. ఉపోద్ఘాతం:

ఉన్నతవిద్యను తెలుగులో అందించే లక్ష్యంతో 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. 1982లో ఏర్పడి, తర్వాత డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పేరు మారిన సంస్థ దూరవిద్యలో అదే పనిని కొనసాగించింది. ఈ రెండు సంస్థల కృషి వల్ల అర్థశాస్త్రానికి విస్తృతమైన తెలుగు పరిభాష స్థిరపడింది. అంతకు చాలా ముందే 'కవిత్వతత్త్వ విచారము' రాసిన కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రాన్నీ తెలుగులో రాశారు. సాహిత్యవిమర్శకూ శాస్త్రవచనానికీ మధ్య ఆనాడు గోడ లేదనడానికి ఇదొక నిదర్శనం. తర్వాతి కాలంలో శాస్త్రవచనం సాహిత్య విద్యార్థుల దృష్టి నుంచి దాదాపుగా తప్పుకుంది. పరిభాషానిర్మాణంపై చర్చ జరిగినంతగా పాఠ్యగ్రంథ వాక్యంపై చర్చ జరగలేదు.

స్థూల అర్థశాస్త్రం ఈ పరిశీలనకు ప్రత్యేకంగా అనువైన శాస్త్రం. రసాయనశాస్త్రంలోని చాలా పదాలు విద్యార్థికి పూర్తిగా కొత్తవి. తరగతిలోనే తొలిసారి పరిచయమవుతాయి. స్థూల అర్థశాస్త్రం మాట్లాడే ధరలు, అప్పు, వడ్డీ, కూలి, పొదుపు విద్యార్థి ఇంట్లో రోజూ వినే మాటలు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలోనే జాతీయాదాయం, ద్రవ్యం, బ్యాంకింగ్, ద్రవ్యోల్బణం పాఠాలుగా వస్తాయి. డిగ్రీలో వాటికి వినియోగ ఫలం, గుణకం, ద్రవ్యత్వాభిరుచి తోడవుతాయి. ఈ మాటల్లో కొన్ని విద్యార్థిని గుమ్మం దగ్గరే ఆపుతాయి. మరికొన్ని లోపలికి పిలిచి దారి తప్పిస్తాయి. రెండో రకం మాటల మీదే విమర్శ దృష్టి పెట్టవలసి ఉంది.

2. 'స్థూల' శబ్దం – రెండు వ్యతిరేకాలు:

చిక్కు శాస్త్రం పేరులోనే మొదలవుతుంది. నార్వే ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్ 1933లో మైక్రో, మాక్రో అనే విభజనను ఆర్థిక విశ్లేషణలో ప్రయోగించాడు. తెలుగులో మైక్రోకు 'సూక్ష్మ', మాక్రోకు 'స్థూల' అనే పదాలు స్థిరపడ్డాయి. ఇక్కడ 'స్థూల' అంటే ఆర్థికవ్యవస్థను మొత్తంగా చూడటం. దాని వ్యతిరేకం 'సూక్ష్మ'. అదే పాఠంలో కొద్ది పుటల తర్వాత 'స్థూల దేశీయోత్పత్తి' వస్తుంది. అక్కడ 'స్థూల' అంటే యంత్రాలు, భవనాల తరుగుదలను తీసివేయకముందు ఉన్న విలువ. దాని వ్యతిరేకం 'నికర'. ఇంగ్లిషులో మాక్రో, గ్రాస్ అనే రెండు వేర్వేరు మాటలు ఉన్నచోట తెలుగులో ఒక్క మాటే నిలిచింది. హిందీ పరిభాష ఒకదానికి 'సమష్టి', మరొకదానికి 'సకల్' అని భేదం పాటించింది. తెలుగులోనూ 'సమష్టి' వాడిన రచయితలు ఉన్నా, వాడుకలో నిలదొక్కుకున్నది 'స్థూల' శబ్దమే.

దీని ఫలితం చిన్నది కాదు. స్థూల దేశీయోత్పత్తి అంటే 'దేశం మొత్తం ఉత్పత్తి' అని విద్యార్థి అర్థం చేసుకుంటాడు. ఆ అర్థం పైకి సరిగానే కనిపిస్తుంది కాబట్టి పొరపాటు బయటపడదు. 'నికర దేశీయోత్పత్తి' దగ్గరకు వచ్చేసరికి 'నికర' అనేది 'స్థూల'కు ఎలా వ్యతిరేకమైందో తెలియక సూత్రాన్ని కంఠస్థం చేస్తాడు. స్థిరపడిన పదాన్ని ఇప్పుడు మార్చడం సాధ్యం కాకపోవచ్చు. అయితే ఈ శాస్త్రంలో 'స్థూల' శబ్దం రెండు వేర్వేరు అర్థాల్లో ప్రయుక్తమవుతుందని చెప్పే ఒక్క వాక్యం పాఠం మొదట్లో ఉంటే చాలు. నానార్థాలను విడదీసి చెప్పడం తెలుగు నిఘంటు సంప్రదాయానికి కొత్త కాదు. ఆ సంస్కారం పాఠ్యగ్రంథంలోకి రావలసి ఉంది.

3. పరిచితపదాల వంచన:

3.1 పెట్టుబడి:

'ఎకరానికి ఎంత పెట్టుబడి అయింది?' అని రైతును అడిగితే విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, దుక్కి, కూలి అన్నీ కలిపి చెబుతాడు. తెలంగాణ ప్రభుత్వం 2018లో ఎకరానికి పంటకాలానికి 4,000 రూపాయల చొప్పున మొదలుపెట్టిన రైతుబంధు కూడా 'పెట్టుబడి సాయం'గానే వ్యవహారంలోకి వచ్చింది. రైతు దృష్టిలో ఈ వాడుక పూర్తిగా సమంజసం. జాతీయాదాయ గణనలో మాత్రం విత్తనాలు, ఎరువులు మాధ్యమిక వినియోగం కిందికి వెళ్తాయి. పంట విలువలో నుంచి వాటిని తీసివేస్తేనే అదనంగా చేరిన విలువ తేలుతుంది. ట్రాక్టరు కొనడం, బోరు వేయించడం వంటివే అక్కడ పెట్టుబడి.

పట్టణవాసి వాడుక ఇంకో దిక్కుకు లాగుతుంది. ఊరి చివర స్థలం కొనడాన్నీ, వాటాలు కొనడాన్నీ అతడు పెట్టుబడి అంటాడు. ఒకరి స్థలం మరొకరి చేతికి మారితే దేశానికి కొత్తగా చేరిన ఆస్తి ఏదీ లేదు. ఆ స్థలంలో ఇల్లు కడితే అది పెట్టుబడి. అంతకన్నా విచిత్రం మరొకటి ఉంది. దుకాణంలో అమ్ముడుపోకుండా మిగిలిన సరుకును వ్యాపారి నష్టంగా భావిస్తాడు. జాతీయాదాయ లెక్కలు నిల్వల పెరుగుదలను పెట్టుబడిలో చేరుస్తాయి. ఈ మూడు భేదాలూ తెలియని విద్యార్థి 'పెట్టుబడి' అనే మాట చూడగానే తనకు తెలిసినట్టే భావించి ముందుకు సాగిపోతాడు. 'మూలధనం', 'పెట్టుబడి' అనే రెంటికీ వ్యవహారంలో పెట్టుబడి అనే మాటే చెల్లడం, 'పెట్టుబడిదారీ విధానం' వంటి సమాసాలు ఆ అలవాటును గట్టిపరచడం ఈ గందరగోళాన్ని పెంచుతాయి. మూలధనం ఒక తేదీ నాటికి ఉన్న నిల్వ, పెట్టుబడి ఒక ఏడాదిలో దానికి చేరే ప్రవాహం. చెరువులోని నీటికీ, చెరువులోకి పారే నీటికీ ఉన్న తేడా ఇది.

3.2 పొదుపు:

తెలుగులో 'పొదుపు' ఒక సుగుణం. పొదుపుగా వాడటం, పొదుపరి, పొదుపు సంఘం అనే ప్రయోగాలన్నిటిలో జాగ్రత్త, ముందుచూపు అనే ధ్వని ఉంది. స్థూల అర్థశాస్త్రంలో పొదుపు అంటే ఆదాయంలో వినియోగానికి పోగా మిగిలినది మాత్రమే. అందులో గుణదోష వివేచన లేదు. జాన్ మేనార్డ్ కీన్స్ 1936లో ప్రకటించిన 'జనరల్ థియరీ'లో ఈ మాటల చుట్టూ ఉన్న అలవాటైన భావాలను విడదీయడానికి చాలా శ్రమపడ్డాడు. ఆదాయం, పొదుపు, పెట్టుబడుల నిర్వచనానికి ఒక అధ్యాయం కేటాయించి, పొదుపు, పెట్టుబడుల అర్థాన్ని మరింత చర్చించడానికి మరో అధ్యాయం రాశాడు. ఇంగ్లిషు చదువరికే రెండు అధ్యాయాలు అవసరమైనచోట తెలుగు విద్యార్థికి రెండు పంక్తుల నిర్వచనం సరిపోతుందనుకోవడం న్యాయం కాదు.

అందరూ ఒకేసారి ఎక్కువ పొదుపు చేయబూనితే మొత్తం ఆదాయం తగ్గి, చివరికి మొత్తం పొదుపు పెరగకపోవచ్చు, తగ్గిపోవచ్చు కూడా. దీన్ని పొదుపు వైరుధ్యం అంటారు. ఒకవైపు పొదుపు పెట్టుబడికి ఎప్పుడూ సమానమని, మరోవైపు పొదుపు పెరిగితే ఆదాయం తగ్గుతుందని చదివిన విద్యార్థికి ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధంగా తోస్తాయి. ఆ ముడిని విప్పే ఉపకరణం తెలుగు క్రియలోనే ఉంది: 'పెట్టదలచిన పెట్టుబడి' వేరు, 'లెక్కలో తేలిన పెట్టుబడి' వేరు. జనం 10 రూపాయలు అదనంగా మిగుల్చుకుంటే 10 రూపాయల సరుకు అంగడిలో మిగిలిపోతుంది. నిల్వల పెరుగుదలగా అది పెట్టుబడిలో చేరి లెక్క సరిపోతుంది. మిగిలిపోవాలని ఎవరూ కోరని సరుకు అది. అందుకే ఉత్పత్తిదారు మరుసటి విడత ఉత్పత్తి తగ్గిస్తాడు, ఆదాయం తగ్గుతుంది. పైకి విరోధంగా తోచి, విచారిస్తే పరిహారమయ్యే దానిని అలంకారశాస్త్రం విరోధాభాసం అంటుంది. పొదుపు వైరుధ్యం అచ్చంగా ఆ కోవకు చెందినదే. తెలుగు విద్యార్థికి పరిచితమైన ఈ భావన పాఠంలో చాలా ఉపకరిస్తుంది.

3.3 ఉద్యోగం:

'నిరుద్యోగి' అనగానే తెలుగు చదువరి మనసులో మెదిలేది పట్టా చేతబట్టుకొని ప్రకటనల కోసం ఎదురుచూసే యువకుడు. తెలుగులో ఉద్యోగం వేరు, పని వేరు. కూలికి వెళ్లే మనిషికి పని ఉంటుంది; దానిని ఉద్యోగమని ఎవరూ అనరు. పరిభాషలోని 'ఉద్యోగిత', 'సంపూర్ణ ఉద్యోగిత', 'ప్రచ్ఛన్న నిరుద్యోగిత' అనే పదాలు ఈ రెంటినీ కలిపి ఉద్దేశిస్తాయి. ఈ తేడా చెప్పని పాఠం దేశంలోని నిరుద్యోగ గణాంకాలను విద్యార్థికి అర్థంకాని వస్తువుగా మారుస్తుంది. 2017లో మొదలైన ఆవర్తక శ్రామికశక్తి సర్వేలో 'ప్రస్తుత వార స్థితి' ప్రకారం, గడిచిన 7 రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేసిన వ్యక్తి పనిలో ఉన్నట్టే లెక్క. పోటీపరీక్షలకు చదువుతూ, పని వెతకకుండా, పనికి అందుబాటులోనూ లేని వ్యక్తి శ్రామికశక్తి వెలుపల ఉంటాడు. నిరుద్యోగుల లెక్కలోకి రాడు. అంటే తెలుగు మాట ఎవరిని ముందుగా స్ఫురింపజేస్తుందో, గణాంకం వారినే వదిలివేయవచ్చు. ప్రభుత్వ అంకెను నమ్మాలా, కళ్లెదుట కనిపించే దాన్ని నమ్మాలా అనే ప్రశ్న విద్యార్థికి ఇక్కడే కలుగుతుంది. జవాబు నిర్వచనంలో ఉంది. ఆ నిర్వచనాన్ని పరిశీలించి ప్రశ్నించగల శక్తిని ఇవ్వడమే ఈ పాఠం ప్రయోజనం.

4. ద్రవ్యోల్బణం – పేరులో దాగిన సిద్ధాంతం:

'ఉల్బణం' అంటే మితిమీరడం. వ్యాధి ముదిరిందనే అర్థంలో 'ఉల్బణించు' అనే క్రియ తెలుగులో ఉంది. ఆ విధంగా 'ద్రవ్యోల్బణం' అంటే ద్రవ్యం మితిమీరడం. పాఠం చెప్పే నిర్వచనం వేరు: సాధారణ ధరల స్థాయి కొంతకాలం పాటు ఎడతెగక పెరగడం. పేరు కారణాన్ని చెబుతుంది, నిర్వచనం కార్యాన్ని చెబుతుంది. ద్రవ్యం పెరిగితే ధరలు పెరుగుతాయనే ద్రవ్యరాశి సిద్ధాంతం, ఇర్వింగ్ ఫిషర్ 1911లో సమీకరణంగా వివరించినది, ఈ పదంలో ముందుగానే ఇమిడిపోయింది. ఇంగ్లిషు మాట కూడా మొదట కరెన్సీ ఉబ్బడాన్నే సూచించి, క్రమంగా ధరల పెరుగుదలకు మారింది. అయితే ఇంగ్లిషు మాటలో ద్రవ్యం అనే అవయవం లేదు. తెలుగు సమాసంలో అది పూర్వపదంగా శాశ్వతంగా ఉండిపోయింది. అందుకే 'వ్యయ ప్రేరిత ద్రవ్యోల్బణం' దగ్గర విద్యార్థి తడబడతాడు. ముడిచమురు ధర పెరిగి సరుకుల ధరలు పెరిగితే, పెరిగిన ద్రవ్యం ఎక్కడుందని అతడు అడిగితే ఆ ప్రశ్న అజ్ఞానం వల్ల పుట్టినది కాదు, పదాన్ని శ్రద్ధగా చదవడం వల్ల పుట్టినది.

రెండో చిక్కు రేటుకు సంబంధించినది. 'ద్రవ్యోల్బణం తగ్గింది' అనే వార్త చదివి, ధరలు తగ్గలేదేమని గృహిణి ప్రశ్నించడం సహజం. 100 రూపాయల సరుకు ఒక ఏడాదిలో 110 అయితే పెరుగుదల 10 శాతం. మరుసటి ఏడాది 115.50 అయితే పెరుగుదల 5 శాతం. ద్రవ్యోల్బణం సగానికి తగ్గింది, సరుకు ధర మాత్రం పెరిగింది. భారతదేశంలో 2016 నుంచి అమలైన విధానంలో రిజర్వు బ్యాంకుకు నిర్దేశించిన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం సడలింపుతో. లక్ష్యం సున్నా కాకపోవడం గమనార్హం. ధరలు ఏటా కొంత పెరుగుతాయనే అంగీకారం ఆ విధానంలోనే ఉంది. ఈ చిన్న లెక్క నిర్వచనం పక్కనే ఉండవలసినది.

ఇదే వరసలో ద్రవ్యత్వాభిరుచి, ద్రవత్వాభిరుచి అనే రెండు రూపాలు గ్రంథాల్లో కనిపిస్తాయి. ద్రవత్వం నీటిగుణం, అంటే ఆస్తి వెంటనే నగదుగా మారగలగడం. ద్రవ్యం అంటే డబ్బు. ఒక్క యకారంతో రూపకం చెరిగిపోతున్నదనే స్పృహ పాఠ్యగ్రంథ పరిష్కర్తకు ఉండాలి.

5. నామపదాల వచనం – క్రియాపదాల శాస్త్రం:

పదం తర్వాత పరిశీలించవలసినది వాక్యం. పాఠ్యగ్రంథ వచనంలో 'పెట్టుబడిలోని మార్పు వలన ఆదాయంలో కలుగు మార్పు యొక్క నిష్పత్తి గుణకమనబడును' అనే తరహా నిర్మాణం సాధారణం. ఈ వాక్యంలో తప్పు లేదు, కదలిక కూడా లేదు. ఎవరు ఖర్చు పెట్టారో, ఎవరికి రాబడి వచ్చిందో, ఏది ముందో ఏది తర్వాతో ఇది చెప్పదు. గుణకం కాలంలో జరిగే ప్రక్రియ. తెలుగుకు సహజమైన క్త్వార్థక, చేదర్థకాలు ఆ ప్రక్రియను చెప్పడానికి ఎంతో అనువైనవి. ఉదాహరణకు:

ప్రభుత్వం చెరువు పూడిక తీయించి 100 రూపాయలు కూలి ఇచ్చిందనుకుందాం. కూలి అందుకున్నవారు అందులో 80 పెట్టి బియ్యం, బట్టలు కొంటే ఆ 80 అమ్మినవారికి రాబడి అవుతుంది. వారు అందులో 64 ఖర్చు పెడితే అది మరొకరి రాబడి. ప్రతి చేతిలో అయిదో వంతు ఆగిపోతూ ఉంటుంది కాబట్టి ఈ వరస సన్నబడుతూ పోతుంది. అన్ని విడతల రాబడినీ కలిపితే మొత్తం 500 రూపాయలకు చేరుతుంది.

ఇదంతా చెప్పిన తర్వాత, వచ్చిన రూపాయిలో ఖర్చయ్యే 80 పైసలకు 'ఉపాంత వినియోగ ప్రవృత్తి' అని పేరుపెడితే ఆ కఠినపదం భారమనిపించదు. ఎరిగిన దానికి పేరుగా వచ్చిన పదం ఎంత పొడవైనా గుర్తుంటుంది. పేరు ముందు వచ్చి అనుభవం తర్వాత రావడమే కంఠపాఠానికి కారణం.

చేదర్థకం మరో మేలు చేస్తుంది. 'కొంటే' అనడంలో కొనకపోవచ్చుననే సూచన ఉంది. షరతు కళ్లెదుట నిలుస్తుంది. పెరిగిన గిరాకీకి తగ్గట్టు ఉత్పత్తి పెరగగలిగితేనే గుణకం నిజమైన ఆదాయాన్ని పెంచుతుంది. వ్యవసాయ ప్రధానమైన, ప్రచ్ఛన్న నిరుద్యోగిత ఉన్న దేశాల్లో ఉత్పత్తి అంత వేగంగా పెరగదు కనుక గుణకం ధరల పెరుగుదలగా పరిణమించే అవకాశం ఎక్కువని వి.కె.ఆర్.వి. రావు 1952లోనే వాదించారు. 'అనబడును' వాక్యంలో ఈ వాదానికి చోటు దొరకదు. 'ఉత్పత్తి పెరిగితే' అనే వాక్యంలో 'పెరగకపోతే?' అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

6. వ్యవహారంలోని ఆర్థికదృష్టి:

లోకవ్యవహారం శాస్త్రానికి అడ్డు మాత్రమే కాదు, ఆధారం కూడా. 'చేతిలో డబ్బు ఆడటం లేదు' అనే మాటలో ద్రవ్య ప్రసరణ వేగమనే భావన ఉంది. డబ్బు లేకపోవడాన్నీ డబ్బు కదలకపోవడాన్నీ తెలుగు విడదీసి చెప్పగలదు. 'బేరాలు లేవు' అనే వ్యాపారి మాట సార్థక డిమాండ్ కొరతను సూచిస్తుంది. సరుకు ఉంది, అవసరం ఉన్న మనుషులు ఉన్నారు, కొనే శక్తితో కూడిన కోరిక లేదు. కీన్స్ సిద్ధాంతం ఏ మాంద్యం నేపథ్యంలో రూపుదిద్దుకుందో, 1933లో అమెరికా శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతుకు పని లేకుండా చేసిన ఆ మాంద్యం సారాంశం ఈ చిన్న వాక్యంలో ఇముడుతుంది. అయితే ఇటువంటి మాటలను పారిభాషికపదాల స్థానంలో నిలపాలనడం సరికాదు. 'డబ్బు ఆడటం' ఒక మనిషి చేతి సంగతి, ప్రసరణ వేగం దేశం మొత్తానికి కట్టే లెక్క. ఒక్కరికి నిజమైనది అందరికీ నిజం కాకపోవచ్చుననేదే స్థూల అర్థశాస్త్రం నేర్పే మొదటి పాఠం. వ్యవహారపదం గుమ్మం వరకు తీసుకువస్తుంది. అక్కడి నుంచి లోపలికి నడిపించవలసినది గ్రంథకర్త వాక్యం.

7. మాధ్యమ మార్పు – మిగిలిన ప్రశ్న:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చింది. దీనితో ఈ చర్చ అవసరం తీరిపోయిందని ఎవరైనా వాదించవచ్చు. కానీ పై పరిశీలనలో తేలిన చిక్కుల్లో 'స్థూల', 'ద్రవ్య' శబ్దాలకు సంబంధించినవి మాత్రమే తెలుగుకు ప్రత్యేకమైనవి. ఇన్వెస్ట్‌మెంట్, సేవింగ్ అనే మాటలు ఇంగ్లిషు మాతృభాషగా గలవారినీ తప్పుదారి పట్టిస్తాయి. గ్రెగరీ మాంక్యూ రాసిన ప్రసిద్ధ పాఠ్యగ్రంథం ఆర్థికవేత్తల ఇన్వెస్ట్‌మెంట్, వాటాలు కొనేవారి ఇన్వెస్ట్‌మెంట్ ఒకటి కావని విద్యార్థిని ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. ఇంగ్లిషు గ్రంథం బలం దాని భాషలో కన్నా ఆ హెచ్చరికలో ఉంది. తెలుగు ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి ఇన్వెస్ట్‌మెంట్ అనే మాటను 'పెట్టుబడి'గానే మనసులో అనువదించుకుంటాడు. రైతు పెట్టుబడి ఆ ఇంగ్లిషు మాటలోకి కూడా అతని వెంటే వస్తుంది. మాధ్యమం మారినా పొరపాటు మారదు. దాన్ని గుర్తించే భాష మాత్రం తరగతి నుంచి తొలగిపోతుంది.

పాఠ్యగ్రంథం సంక్షిప్తంగా ఉండాలి, పరీక్షకు నిర్వచనమే ముఖ్యం అనే ఆక్షేపణ కూడా ఉంది. పుటల పరిమితి నిజమైనదే. అయినా పైన సూచించిన వివరణల్లో ప్రతిదీ రెండు మూడు వాక్యాలకు మించదు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు ఆ లోటు తీర్చగలడు. దూరవిద్యలో చదువుకునే వ్యక్తికి ముద్రిత వాక్యమే ఉపాధ్యాయుడు.

8. ముగింపు:

తెలుగులో స్థూల అర్థశాస్త్ర పరిభాష లోపించలేదు. ఆ పరిభాషకూ ప్రజల వాడుకకూ మధ్య వంతెనగా నిలిచే వచనం లోపించింది. దీనికోసం పాఠ్యగ్రంథ రచనలో మూడు పద్ధతులను ప్రతిపాదించవచ్చు. ఒకటి, పారిభాషికార్థం ఉన్న ప్రతి వ్యవహారపదానికీ లోకార్థ, శాస్త్రార్థాలను తొలి ప్రయోగంలోనే విడదీసి చెప్పడం. రెండు, ప్రక్రియను క్రియలతో వివరించి, పేరును ఆ తర్వాత ఇవ్వడం. మూడు, అర్థశాస్త్ర అధ్యాపకులు రాసిన పాఠాన్ని తెలుగు అధ్యాపకులు అక్షరదోషాల కోసమే కాక అర్థసందిగ్ధత కోసం కూడా పరిష్కరించడం. ధరలు, పని, అప్పు, ప్రభుత్వ వ్యయం గురించి వెలువడే ప్రతి అంకె పౌరుని జీవితాన్ని తాకుతుంది. ఆ అంకె ఏ నిర్వచనం మీద నిలబడిందో తన భాషలో అడగగలిగిన విద్యార్థి తయారైనప్పుడే ఈ ప్రవేశపాఠం నెరవేరినట్టు.